ఎడ్లినా, వీఐయా?

3 జూలై 1988, ఆదివారం

మూర్తి వచ్చాడు. విశాఖ బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టాడో లేదో "అక్కా, నీ మిషనెక్కడ?" అన్నాడు. అక్క ఎలా ఉంది, బావగారి మోకాలు నొప్పి ఎలా ఉంది, ఏమీ లేదు. ఒక్కగానొక్క తమ్ముడు. వాడు పనిచేసే కంపెనీ మూతపడింది. కంప్యూటర్ గదిలో చేసినవాడు కదా, ఖాళీగా కూర్చునే బదులు మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ క్లాసుకి సాయం చేస్తాడని నేనే రమ్మన్నాను. నా బుద్ధికి ఏం పుట్టిందో.

కంప్యూటర్ మిషన్ చూపించాను. ఉగాదికి కొన్నది. పసుపు రాసి, బొట్టు పెట్టి, గుడ్డ కప్పి ఉంచుతాను. వాడు గుడ్డ లాగేసి, నాలుగు మీటలు నొక్కి, "ఎడ్లినా! ఇంకా ఎడ్లిన్‌లో రాయిస్తున్నావా అక్కా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. రాయిస్తే ఏం? ప్రోగ్రాం రాయడానికీ దిద్దడానికీ మిషన్‌తోపాటు ఊరికే వచ్చింది ఎడ్లిన్. నంబరు కొడితే ఆ లైను వస్తుంది. దిద్దుకుంటాం. ఇంకో నంబరు కొడితే ఇంకో లైను. పద్ధతిగా ఉంటుంది. వాడికి పద్ధతంటే చిన్నప్పట్నుంచీ పడదు.

నాకు కోపమేమీ రాలేదు. పులుసులో ఉప్పు ఎక్కువైందని ఈయన అన్నారు, అది వేరే సంగతి.

5 జూలై

వాడు తెచ్చిన ఫ్లాపీలో వీఐ అని ఎడ్లిన్ లాంటిదే ఇంకొకటి ఉంది. తెర నిండా ప్రోగ్రాం కనిపిస్తుంది. అది బాగానే ఉంది, కాదనను. కానీ మీట నొక్కితే అక్షరం పడదు, తెర మీద మిణుకుమనే గీత ఎటో కదులుతుంది! హెచ్ నొక్కితే ఎడమకి, జె నొక్కితే కిందికి. ఇదేం విడ్డూరం? ఇరవయ్యేళ్లుగా టైపు నేర్పుతున్నదాన్ని, కళ్లు మూసుకుని పిల్లలచేత రోజూ కొట్టించే మొదటి పాఠమే కొట్టాను. ఏ, ఎస్, డి, ఎఫ్. మొదటి అక్షరం మింగేసి మిగతావి వేసింది.

"ముందు నువ్వు రాయబోతున్నావని దానికి చెప్పాలి అక్కా," అన్నాడు.

"రాయడానికి కూర్చున్నదాన్ని రాయక వడియాలు పెడతానా?" అన్నాను.

8 జూలై

సీతాలు వచ్చింది. వాళ్లది కొయ్యూరు అవతల కొండ మీద ఊరు. ఇక్కడ మేనత్త అప్పాయమ్మ ఇంట్లో ఉండి నా దగ్గరే టైపు లోయరూ హయ్యరూ పాసయింది. నా దగ్గర ఎంతమందో నేర్చుకున్నారు గానీ ఆ పిల్ల చెయ్యి వేరు.

ఏజెన్సీ పిల్లల కోసం విశాఖలో ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం పడిందట. ఒక్కటే పోస్టు. ఆగస్టు ఆఖర్లో పరీక్ష. కాగితం మీద ఒక ప్రోగ్రాం ఇస్తారు. దాన్ని మిషన్‌లోకి ఎక్కించి, అందులో తప్పులు దిద్ది, అరగంటలో వాళ్ల ఎదుట నడిపించి చూపాలి. వచ్చే ఏడాదికి ఈ పిల్లకి వయసు దాటిపోతుంది. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

"మా అయ్య ఇంక కొండకి వొచ్చీమంటన్నాడు అమ్మగోరూ. సదివింది సాలంటన్నాడు. ఈ పరీచ్చ పోతే మరి నా కాడ ఏటి సెప్పడానికీ ఉండదు," అంది.

"పోదే పిచ్చిదానా. నేనున్నాను," అన్నాను.

"నేనూ ఉన్నాను," అన్నాడు మూర్తి వెనక నుంచి. వాణ్ణెవరు అడిగారు?

9 జూలై

ఎడ్లిన్ నేర్పుతాను. తేలిపోయింది.

10 జూలై

తేలలేదు. భోజనాల దగ్గర మొదలైంది.

"అక్కా, పదేళ్లు పోతే ఎడ్లిన్ అంటే ఏదో జలుబు మాత్ర అనుకుంటారు జనం. వీఐ అలా కాదు. మనం పోయాక కూడా ఉంటుంది."

"ఊరికే వచ్చింది ఎక్కడికీ పోదురా. ప్రతి మిషన్‌లోనూ ఉంటుంది. నీ వీఐ విశాఖలో నీలాంటి నలుగురికి తప్ప ఎవడికి తెలుసు?"

"తెలిసినవాడు వదలడు. వేళ్లకి పట్టేస్తుంది."

"గజ్జీ పట్టేస్తుంది."

ఈయన మజ్జిగ పోసుకుంటూ, "పదేళ్ల సంగతి తర్వాత, ఆ అమ్మాయి పరీక్ష వచ్చే నెలలో కదా," అన్నారు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ప్రతిదానికీ తొందరే.

చివరికి ఒప్పందం కుదిరింది. సోమ, బుధ, శుక్రవారాలు నేను ఎడ్లిన్ చెబుతాను. మంగళ, గురు, శనివారాలు వాడు వీఐ చెప్పుకుంటాడు. ఎవరి రోజున ఇంకొకరు గదిలోకి రాకూడదు.

15 జూలై

ఒకటే వాన. గోడలకి చెమ్మ. బేసిక్ ఫ్లాపీకి బూజు పట్టింది, తుడిచినా మిషన్ దాన్ని చదవడం లేదు. రాసిన ప్రోగ్రాం నడిపించడానికి అది కావాలి గానీ, రాయడానికి అక్కర్లేదు కదా. వచ్చే వారం విశాఖ నుంచి ఎవరిచేతనైనా తెప్పిస్తే సరి.

వీఐ ఫ్లాపీకి మాత్రం బూజు పట్టలేదు. మూర్తి దాన్ని బియ్యం డబ్బాలో దాస్తున్నాడని ఇవాళ తెలిసింది. నా బియ్యం డబ్బాలో!

19 జూలై, మంగళవారం

వాడి రోజు. నేను గదిలోకి వెళ్లలేదు. కిటికీ పక్కన తులసికోటకి నీళ్లు పోస్తూ విన్నాను, అంతే. వానలో తులసికోటకి నీళ్లు పోయకూడదని శాస్త్రం ఎక్కడా లేదు.

"లైను తీసెయ్యాలంటే డి, మళ్లీ డి. కొట్టు సీతాలూ."

"అమ్మగోరి దాంట్లోనయితే నంబరేసి ఒక్క డి కొడితే పోతాది మూర్తిబాబూ."

"ముందు నేను చెప్పింది కొట్టు," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాయసం చేశాను.

22 జూలై

ఎదురు మేడ మీద కొత్త కంప్యూటర్ సెంటర్ పెట్టారు. ముప్పై రోజుల్లో వర్డ్‌స్టార్ అని నిలువెత్తు బోర్డు. నిన్న మన టైపు పిల్లలు ఇద్దరు అటు మెట్లెక్కుతూ నన్ను చూసి తల దించుకున్నారు. ఇవాళ ఇంకొకడు వచ్చి "మీ దగ్గర వర్డ్‌స్టార్ ఉందా మేడమ్?" అన్నాడు. లేదన్నాను. "అయితే మరేటుంది?" అన్నాడు.

ఈ ఒక్క విషయంలో మూర్తీ నేనూ ఒక్క మాట మీద ఉన్నాం. వర్డ్‌స్టార్ గుమస్తాలు ఉత్తరాలు రాసుకునేదని వాడు అన్నాడు. పైపై సోకులని నేనన్నాను. ఏ మీట ఏం చేస్తుందో తెర మీదే రాసి చూపిస్తుందట. ఎక్కాల పుస్తకం తెరిచి పెట్టుకుని లెక్క చేసినట్టు! ఇద్దరం కాఫీ తాగాం. తర్వాత మళ్లీ మామూలే.

29 జూలై

సీతాలు రాసిన ప్రోగ్రాం కాగితం మీద అచ్చు తీసి మార్కులు వేశాను. పైన నడిమధ్య శ్రీ, లైన్లన్నీ తిన్నగా, అక్షరం మీద అక్షరం పడకుండా ఎంత శుభ్రంగా ఉందో. తొంభై ఐదు ఇచ్చాను. మూర్తి తన రోజున రాయించిన దానికి తొంభై ఆరు ఇచ్చాడు. కావాలనే ఇచ్చాడు.

ఈయన రెండు కాగితాలూ చూసి, "నడిచిందా?" అన్నారు.

"ఏది?"

"ఇది. ప్రోగ్రాం."

"ముందు రాయడం రానివ్వండి," అన్నాను. "ఇల్లలకగానే పండగ కాదు," అని గొణిగారు. ఇల్లలకడంలో ఈయనకేం తెలుసు?

బేసిక్ ఫ్లాపీ వచ్చే వారం.

6 ఆగస్టు

మూర్తికి జ్వరం. నుదుటి మీద తడిగుడ్డ వేస్తే కళ్లు తెరిచి, "ఇవాళ నా రోజు అక్కా, నువ్వు చెప్పకు," అన్నాడు. ఆ ఒంటి వేడి చూసి ఏడుపొచ్చింది. అమ్మ పోయినప్పుడు వీడికి తొమ్మిదేళ్లు, నా చెయ్యి పట్టుకునే పడుకునేవాడు. పంతం తప్ప ఏమీ మారలేదు.

క్లాసు నేను చెప్పలేదు. సీతాలు తనంతట తనే కూర్చుని వీఐ కొట్టుకుంటుంటే వెనక నించుని చూశాను. ఆ వేళ్లు గీతని ఎక్కడికి కావాలంటే అక్కడికి తోలుకుపోతున్నాయి. చూడ ముచ్చటగానే ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు.

16 ఆగస్టు

సీతాలు గందరగోళ పడుతోంది. నా దాంట్లో కూర్చుని వాడి మీటలు నొక్కుతుంది. ఒకసారి డి రెండుసార్లు కొట్టి, మిషన్ తప్పని చెబితే బిక్కమొహం వేసింది. తప్పు నీదంటే నీదని ఇద్దరం అరుచుకున్నాం. ఆ పిల్ల లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నించుంది.

"మీరిద్దరూ గెలిసీండి. నాను ఒక్కర్తినే ఓడిపోతాను," అంది, మెల్లగా.

నాకు సిగ్గేసింది. మూర్తి కూడా తల దించుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరం ఒకే గదిలో కూర్చుని చెబుతున్నాం. పళ్లు బిగపట్టి.

25 ఆగస్టు

ఆ పిల్లకి లైను రాయడం, దిద్దడం, తీసెయ్యడం రెండు విధాలా కంఠతా వచ్చు. ఎడ్లిన్ ఉంటే ఎడ్లిన్, వీఐ ఉంటే వీఐ. ఎటు పోయినా భయం లేదు.

ఫ్లాపీ రాలేదు. ఇంక ఇప్పుడెందుకులే.

27 ఆగస్టు, శనివారం

ఇవాళే పరీక్ష. మూర్తి తోడు వెళ్లాడు. మొదటి బస్సు ఎక్కించి వచ్చాను. సీతాలుకి నా ఇస్త్రీ చీర కట్టించాను, అది వద్దన్నా నేను వినలేదు.

మధ్యాహ్నం అన్నం సహించలేదు.

28 ఆగస్టు, ఆదివారం

రాత్రి బాగా పొద్దుపోయి వచ్చారు, నిన్న ఏమీ రాయలేకపోయాను. రాస్తాను. బస్సులో మూర్తి ఎంత అడిగినా, ఇంటికెళ్లాక ఇద్దరికీ ఒకేసారి చెబుతానందట సీతాలు.

అక్కడ ఎడ్లిన్ లేదు. వీఐ పేరే వాళ్లు వినలేదు. ఉన్నది వర్డ్‌స్టార్.

"నా గుండె జారిపోనాది అమ్మగోరూ," అంది సీతాలు. "అయితే మరేటి, ఏ మీట నొక్కితే ఏటవుద్దో తెర మీద పైనే రాసుంది. సదువుకుంటా నొక్కీనాను. పోగ్రాం రాయడానికి ఎన్ నొక్కాలని గోడకి కాయితం అంటించీసేరు. బేగినే ఎక్కించీసేను."

మూర్తి కాళ్ల వేళ్లు చూసుకుంటున్నాడు.

అసలు గొడవ ఆ తర్వాత. తప్పులు దిద్దింది. నడిపించింది. మిషన్ నడపనంది. డైరెక్ట్ స్టేట్‌మెంట్ ఇన్ ఫైల్ అని ఒక ముక్క కొట్టి ఆగిపోయింది. దిద్దాల్సినవన్నీ దిద్దింది, ఇంకేం తప్పు? పక్కవాళ్లవి నడుస్తున్నాయి.

"అప్పుడు మొదట్నుంచీ సూసేనండి. పోగ్రాంలో పెతి లైనుకీ ముందర నంబరుంది. పైన శ్రీకి ఒక్కదానికే లేదు."

శ్రీ. నా క్లాసులో శ్రీ లేకుండా కాగితం ఎక్కించిన పిల్ల ఇరవయ్యేళ్లలో లేదు. ఏది రాసినా పైన శ్రీ పెట్టాకే రాయాలి. నేనే నేర్పాను. కంప్యూటర్ క్లాసులోనూ అలాగే రాయించాను. మిషన్‌కి ఆ శ్రీ ఏమిటో అర్థం కాలేదు. రెండు నెలల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క ప్రోగ్రాం నడిపించి ఉంటే ఆ సంగతి మాకు తెలిసేది! ఎడ్లినా వీఐయా అని కొట్టుకున్నాం గానీ, రాసింది నడుస్తుందా అని ఇద్దరం చూడలేదు. ఈయన మంచం మీద నుంచి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

"అయితే ఆ లైను తీసేశావు," అన్నాను. తీసెయ్యడం దానికి రెండు రకాలుగా నేర్పాం మరి, వేళ్లు నొప్పెట్టేదాకా.

"తియ్యలేదండి."

"తియ్యలేదా?" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"దేవుడి పేరు ఎలాగ సెరిపీమంటారు అమ్మగోరూ? పరీచ్చలో కూకోని? నంబరు లేదనే కదా గోల, ఒకటి నంబరిచ్చేను. అయినా నడవనంది. రెమ్ అని ముందరుంటే ఆ లైను మిషను సదవదు, మనుసులకోసమే అని మూర్తిబాబు సెప్పేరు కదా. శ్రీ ముందర రెమ్ పెట్టీసేను. మిషనుకి వొద్దంటే మిషను సదవకుండా ఊరుకుంటాది. దేవుడి దారి దేవుడిది. అప్పుడు నడిసింది."

నడిచిందట. అరగంట లోపే నడిచిందట. నేను దాన్ని పట్టుకుని ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

కానీ ఒకటి ఉంది. పరీక్ష పెట్టిన పెద్దాయన తెర చూసి, మొదటి లైను మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అన్నాడట. సీతాలు చెప్పింది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడు?

29 ఆగస్టు

ఏం రాసి ఉంటాడు?

2 సెప్టెంబరు

బేసిక్ ఫ్లాపీ వచ్చింది. మూర్తి స్వయంగా వెళ్లి తెచ్చాడు. తలుపు వేసుకుని, రెండు నెలలు సీతాలు చేత రాయించినవన్నీ ఒక్కొక్కటే నడిపించాం. శ్రీలు ముందే తీసి పక్కన పెట్టాం, లెంపలేసుకుని. అయినా ఒక్కటీ నడవలేదు. తొంభై ఐదు మార్కుల దాంట్లో ఐదు తప్పులు. మేము ఇచ్చినప్పుడే తప్పుగా ఇచ్చాం, సీతాలు పాపం ఇచ్చింది ఇచ్చినట్టు శుభ్రంగా కొట్టింది. తొంభై ఆరు మార్కులది అసలు లోపలికే పోలేదు.

"నాది ఒక మార్కు ఎక్కువ అక్కా," అన్నాడు మూర్తి. ఇద్దరికీ నవ్వు వచ్చింది. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఏం జరిగిందోనని ఈయన తలుపు కొట్టారు.

9 సెప్టెంబరు

ఉత్తరం రాలేదు.

14 సెప్టెంబరు

వినాయక చవితి పనుల్లో పడి నేను దాని గురించి అనుకోవడమే లేదు. పోస్ట్‌మాన్ దేవుళ్లుకి మంచినీళ్లిచ్చాను, అంతే. ఎండలో తిరుగుతాడు కదా. రోజూ ఇస్తాను.

"మీ ఉత్తరం వొస్తే నాను దాసుకుంటానేటమ్మా?" అన్నాడు. మర్యాద తెలియని మనిషి.

21 సెప్టెంబరు, బుధవారం

వచ్చింది! సీతాలుకి ఉద్యోగం వచ్చింది! అప్పాయమ్మ చీర కుచ్చెళ్లు ఎగ్గట్టుకుని రోడ్డంతా పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. టైపు క్లాసు ఆపేసి పిల్లలందరికీ బెల్లం పంచాను. ఎదురు మేడ మీద వర్డ్‌స్టార్ వాళ్లకి కూడా పంపించాను. తప్పదు కదా.

వీఐలో వేళ్లు కుదిరాయి కాబట్టే వర్డ్‌స్టార్ అంత తొందరగా వచ్చిందని మూర్తి అంటున్నాడు. ఒక్కో లైనూ విడిగా చూసే పద్ధతి ఎడ్లిన్‌ది కాబట్టే తప్పు దొరికిందని నేనంటున్నాను. పొద్దున్నుంచీ ఇదే.

25 సెప్టెంబరు, ఆదివారం

సీతాలు రేపు విశాఖ వెళ్లిపోతుంది. వాళ్ల నాన్న కొండన్న కొండ దిగి వచ్చాడు. బుట్టెడు సీతాఫలాలు అరుగు మీద పెట్టి, తనూ అరుగు మీదే కూర్చోబోతే లోపలికి రమ్మని కుర్చీ వేశాను. అంచు మీద కూర్చున్నాడు. గుడ్డ తీసి ఉన్న మిషన్ వంకే చూస్తున్నాడు.

"ఇదేనేటమ్మా అది?"

"ఇదే కొండన్నా."

"దీంతో మా పిల్ల ఏటి సేస్తాది?"

ఎలా చెప్పాలో తోచక, "సీతాలు ఏం చెయ్యాలో దీనికి రాసి చెబుతుంది, ఇది అలాగే చేస్తుంది," అన్నాను.

"అంటే, మా పిల్ల మాట ఇది యింటాదా?"

"తు.చ. తప్పకుండా వింటుంది."

కొండన్న నవ్వాడు. పెద్దగా నవ్వాడు. "బాగుందమ్మా! ఈ గుంట పుట్టి ఎవుల మాటా యిన్లేదు. సదువు మానీయే అన్నాను, యిన్లేదు. కొండకి వొచ్చీయే అన్నాను, యిన్లేదు. పెద్దోలందర్నీ పెట్టి సెప్పించేను, యిన్లేదు..." నవ్వుతూనే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నా మాట యినుంటే ఏటయిపోయేదమ్మా?" అన్నాడు.

సీతాలు గుమ్మం దగ్గర నించుని వాళ్ల నాన్ననే చూస్తోంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను, కాఫీ పెట్టడానికి.

వెళ్లేముందు మూర్తి దాన్ని అడగనే అడిగాడు, ఆఫీసులో వాళ్లు నిన్నే ఎంచుకోమంటే దేన్ని ఎంచుకుంటావు, ఎడ్లినా, వీఐయా అని. నేను కాఫీ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. సీతాలు వాడినీ నన్నూ మార్చి మార్చి చూసి, "అక్కడ ఏదుంటే అది, మూర్తిబాబూ," అంది.

నేను లైను తీసెయ్యమని నేర్పాను. మూర్తీ తీసెయ్యమనే నేర్పాడు. శ్రీని తీసేసి ఉంటే ఆ పెద్దాయన దాని మీద వేలు పెట్టేవాడూ కాదు, కాగితం మీద రాసుకునేవాడూ కాదు. ఆ పిల్ల మా ఇద్దరి మాటా వినకుండా వచ్చింది గనక గెలిచింది. ఈ ముక్క మూర్తికి మాత్రం చచ్చినా చెప్పను.